ఒకే నవలలో ఇద్దరు ‘నేను’లు

రెండేళ్ళ క్రితం మొదలుపెట్టిన ప్రేమ నవలను ఈ మధ్యనే మూడోసారి తిరగరాయడం పూర్తిచేశాను. మొదటి చిత్తుప్రతిలో కథంతా ఆమే చెప్పింది. రెండోదానిలో ఒక అధ్యాయం ఆమె, ఒక అధ్యాయం అతను చెప్పుకుంటూ పోయారు. మూడోదానిలోనూ చెప్పేది ఆ ఇద్దరే గాని, ఆ రెండు ప్రతుల మధ్య నాకు తెలిసివచ్చిన సంగతులు చాలా ఉన్నాయి. వంతులవారీగా ఇద్దరు చెప్పే కథ అంటే ఒకే కథను రెండు వైపుల నుంచి చూపించడమని మొదట్లో అనుకునేదాన్ని. అలా రాస్తే నవల రెండింతలవుతుంది, కథ మాత్రం సగం దూరమే నడుస్తుంది. ఆ సంగతి నాకు మూడు వందల పేజీలు రాసిన తరువాత గాని బోధపడలేదు.

నా నవల గురించి ఇక్కడ చెప్పవలసింది కొంచెమే. ఆమె అనువాదకురాలు. అతను గడియారాలు బాగుచేస్తాడు. వారికి పరిచయమయ్యేనాటికే ఆమె మూడేళ్ళ పాటు దూరదేశంలో చేయవలసిన ఉద్యోగానికి ఒప్పుకుని ఉంది. అతనికి చూపు మెల్లమెల్లగా మందగిస్తోంది. ఇద్దరికీ పేర్లు ఉన్నాయి గాని, ఈ వ్యాసానికి వాటితో పని లేదు.

అసలు రెండో కథకుడు ఎందుకు అన్న ప్రశ్నను నేను చాలా ఆలస్యంగా వేసుకున్నాను. ఒక్కరే చెప్పే ప్రేమకథకు పెద్ద బలం ఒకటి ఉంది. అవతలి మనిషి మనసులో ఏముందో కథకురాలికీ తెలియదు, చదివేవారికీ తెలియదు. ఆ తెలియకపోవడమే పేజీలు తిప్పిస్తుంది. జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ప్రథమ పురుషలో సాగుతుంది గాని, చూపు చాలావరకు కథానాయిక ఎలిజబెత్‌దే. మొత్తం 61 అధ్యాయాల నవలలో 35వ అధ్యాయానికి వచ్చేసరికి కథానాయకుడు డార్సీ ఆమె చేతికి ఒక ఉత్తరం ఇస్తాడు. అంతవరకు అతన్ని బయటి నుంచి మాత్రమే చూసిన మనకు, సుదీర్ఘంగా అతని గొంతు వినిపించేది అక్కడే. ఆ ఒక్క ఉత్తరంతో వెనకటి అధ్యాయాలన్నీ మరోలా అర్థమవుతాయి. ఒకవేళ మొదటి నుంచి డార్సీ కూడా ఒక అధ్యాయం వదిలి ఒక అధ్యాయం తన మనసు విప్పుతూ వచ్చి ఉంటే, ఆ ఉత్తరంలో మనకు తెలియని ముక్క ఒక్కటీ మిగిలేది కాదు. రెండో కథకుణ్ణి తెచ్చుకునే రచయిత ముందుగా వదులుకునేది ఇదే. ఆ వదులుకున్నదానికి బదులుగా ఏం సంపాదించుకుంటున్నామో తేల్చుకోకుండా వంతుల కథనంలోకి దిగకూడదు.

సంపాదించుకునేది, నా దృష్టిలో, పాఠకుడికి దక్కే ఒక ప్రత్యేకమైన స్థానం. ఆమెకు తెలిసింది ఆమెకు తెలుసు, అతనికి తెలిసింది అతనికి తెలుసు, రెండూ తెలిసినవాడు నవలలో ఎవరూ లేరు. పుస్తకం చేతిలో పట్టుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు. షొదెర్లో ద లాక్లో 1782లో ప్రచురించిన ఫ్రెంచి ఉత్తరాల నవలలో 175 ఉత్తరాలున్నాయి. రాసేవారు ఇద్దరి కంటే చాలా ఎక్కువమంది, అది మనం ప్రేమ నవల అని పిలుచుకునే రకమూ కాదు, అందులో ప్రేమ కంటే పన్నాగమే హెచ్చు. అయినా వంతుల కథనం నేర్చుకోదలచినవారికి దాన్ని మించిన పాఠం లేదనిపిస్తుంది. ఒక పాత్ర ఒక ఉత్తరంలో ప్రాణం పెట్టి రాసిన మాటనే మరో ఉత్తరంలో వేరొకరు నవ్వులాటగా తీసుకుంటారు. ఎవరి ఉత్తరం వారు చదువుకుంటారు, మనం మాత్రం కట్ట మొత్తం విప్పి చదువుతాం. ఆ కట్ట మన చేతిలో ఉందన్న ఇబ్బందే ఆ నవల ఉత్కంఠకు మూలం.

ఈ సంగతి పట్టుబడ్డాక నా రెండో ప్రతిలోని కథ చాలామటుకు కూలిపోయింది. అందులో వారిద్దరూ విడిపోవడానికి కారణం ఒక అపార్థం. ఆమె మరొకరికి రాసిన ఉత్తరం అతని కంటపడుతుంది, తనను గురించే అనుకుని అతను దూరమవుతాడు. ఒక్క కథకురాలే చెప్పినప్పుడు అది పనిచేసింది. అతను ఎందుకు మాట మానేశాడో ఆమెతోపాటు చదివేవారికీ తెలియదు కనుక ఇద్దరూ కలిసి వెతుక్కున్నారు. ఇద్దరు చెప్పడం మొదలుపెట్టగానే, ఆ ఉత్తరంలో ఏముందో ఆమె అధ్యాయంలోనూ, దాన్ని అతను ఎలా చదువుకున్నాడో అతని అధ్యాయంలోనూ తెలిసిపోయింది. ఇక పాఠకుడికి మిగిలింది, ఐదు నిమిషాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే గొడవను ఎనభై పేజీలు భరించడం. విసుగు రాక ఏమవుతుంది? ఇద్దరి మనసులూ కనిపిస్తున్న నవలలో అపార్థం అడ్డంకిగా నిలబడదు. అన్నీ విప్పి చెప్పుకున్న తరువాత కూడా కరగని అడ్డంకి ఏదైనా ఉండాలి. అందుకే మూడో ప్రతిలో ఆమె ఒప్పుకున్న ఉద్యోగం వచ్చి చేరింది. అది అతనికి మొదటి వారంలోనే తెలుసు. తెలిసినా చేసేదేమీ లేదు.

రహస్యాల విషయంలో నేను చేసిన తప్పు ఇంతకంటే ఇబ్బందికరమైనది. అతని చూపు సంగతిని నేను ఆమె దగ్గర దాచినట్టే చదివేవారి దగ్గర కూడా దాచాను. ఇరవయ్యో అధ్యాయంలో బయటపెడితే గుండె ఝల్లుమంటుందని నా ఆశ. చిత్తుప్రతి చదివిన స్నేహితురాలు ఝల్లుమనలేదు, కోపగించింది. “అంతసేపూ అతని మనసులోనే కూర్చున్నాను కదా, నా దగ్గర ఎందుకు దాచాడు?” అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. కథకుడు ‘నేను’ అని మాట్లాడుతూ, పొద్దున లేచిన దగ్గర నుంచి తనను తొలిచేస్తున్న ఒకే ఒక్క ఆలోచనను వదిలేసి తక్కినవన్నీ చెప్పడం దొంగలెక్క. పాత్ర మరో పాత్ర దగ్గర దాచవచ్చు, తనకు తానే ఒప్పుకోకుండా తప్పించుకు తిరగవచ్చు. రచయిత సౌకర్యం కోసం మాత్రం దాచకూడదు. ఆ సంగతిని అతని రెండో అధ్యాయానికే మార్చాను. అలా మార్చడంతో నేను ఊహించని లాభం ఒకటి కలిగింది. ఆమె తన అధ్యాయాలలో, ‘మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా ముఖం వైపు చూడలేదు, నా గొంతు వినిపించే దిక్కుకు మాత్రం తల తిప్పారు’ అని రాసుకున్న వాక్యాలు నేను ఒక్క అక్షరం మార్చకుండానే రెండర్థాలు ఇవ్వసాగాయి. ఆమె దాన్ని నిర్లక్ష్యం అనుకుంటోంది. చదివేవారికి అది కాదని తెలుసు.

ఇక గొంతుల గురించి. ఇద్దరు కథకులున్న నవలలో ఇద్దరూ రచయిత గొంతుతోనే మాట్లాడటం అందరూ చెప్పే లోపమే గాని, దాన్ని మన రాతలో మనం పట్టుకోవడం అంత సులువు కాదు. నేను చేసిన పరీక్ష చెబుతాను. అధ్యాయాల మీద ఉన్న పేర్లు తీసేసి, ఒక్కొక్క అధ్యాయం నడుమ నుంచి పది వాక్యాలు కోసి, వరస కలిపేసి స్నేహితురాలికి ఇచ్చాను. ఏది ఎవరిదో చెప్పమంటే సగానికి సగం తప్పు చెప్పింది. అంటే ఊహించి చెప్పినట్టే. ఇద్దరికీ ఒకే రకం ఉపమానాలు, ఒకే రకం విరుపులు, బాధ కలిగినప్పుడు ఇద్దరూ ఒకేలా వాక్యాన్ని మధ్యలో తెంచేయడం. అతను ఎక్కడ పడితే అక్కడ గడియారం మాటలు వాడుతున్నాడు గనుక గొంతు వేరుగా ఉందని నేను మురిసిపోయాను గాని, అది గొంతు కాదు, తగిలించిన బిళ్ళ మాత్రమే.

గొంతు అన్నది మనిషి దేన్ని చూస్తాడు, దేన్ని చూడకుండా వదిలేస్తాడు అన్నదానిలో ఉంటుందని తరువాత తెలిసింది. వారు మొదటిసారి కలిసిన సందర్భాన్ని మూడో ప్రతిలో అతను ఇలా చెబుతాడు: “ఆమె బల్ల మీద గడియారం పెట్టింది. అద్దం పగల్లేదు. ముల్లు ఆగిపోయింది, అంతే. ఎప్పటినుంచి అని అడిగాను. ఆమె కిటికీ వైపు చూసింది. గడియారం సంగతి అడిగితే ఎవరూ కిటికీ వైపు చూడరు.” ఆమె అధ్యాయంలో అదే ప్రశ్న ఇలా వస్తుంది: “ఎప్పటినుంచి అని ఆయన అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు గడియారానికి సంబంధించిన జవాబు ఒకటీ, నాకు సంబంధించిన జవాబు ఒకటీ ఉన్నాయనీ, రెండింటిలో ఏది చెప్పినా అబద్ధం కాదనీ తోచి, చెప్పకుండా ఊరుకున్నాను, ఊరుకున్నాను అనడం కూడా సరికాదు, తప్పించుకున్నాను.” అతను వస్తువులను చూస్తాడు, తనకేమనిపించిందో చెప్పడు. ఆమె ఒక మాట రాసి, అది సరిపోలేదని మరో మాట వెతుక్కుంటుంది. అది ఆమె వృత్తి నేర్పిన అలవాటు. ఇంకొక మార్పు నేను కావాలని చేశాను. నవల సాగినకొద్దీ అతని అధ్యాయాలలో రంగులూ ఆకారాలూ తగ్గిపోయి, చప్పుళ్ళూ స్పర్శలూ పెరుగుతాయి. చూపు తగ్గుతోందని అతను మళ్ళీ మళ్ళీ చెప్పవలసిన పని లేకుండా పోయింది.

తెలుగులో రాసేవారికి ఇక్కడ ఒక చిక్కు, దాని పక్కనే ఒక వెసులుబాటు ఉన్నాయి. ఉత్తమ పురుషలో మన క్రియలు ఆడా మగా తేడా చూపవు. ‘వచ్చాను’, ‘చూశాను’, ‘ఏడ్చాను’ అన్న మాటలను బట్టి మాట్లాడుతున్నది ఎవరో చెప్పలేం. హిందీలో అయితే ‘ఆయా’, ‘ఆయీ’ అన్న తేడాతో మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. కాబట్టి తెలుగులో అధ్యాయం పైన పేరు పెట్టకపోతే పాఠకుడు కొన్ని పేజీల దాకా తడుముకోవచ్చు. అయితే గతంలో అలవాటుగా చేసిన పనిని చెప్పవలసివచ్చినప్పుడు మాత్రం భాష గుట్టు విప్పేస్తుంది: ‘రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునేవాణ్ణి’, ‘మేలుకునేదాన్ని’. ఈ వ్యాసం మొదటి పేరాలోనే ‘అనుకునేదాన్ని’ అని రాసి నేను కూడా నా గుట్టు విప్పుకున్నాను. నవలలో రెండుచోట్ల, మాట్లాడుతున్నది ఎవరో కాసేపు తెలియకూడదనుకున్నప్పుడు, ఆ రూపాలను వాడకుండా పేజీన్నర నడిపించడం కత్తి మీద సాములా ఉండింది. తక్కిన అన్నిచోట్లా అధ్యాయం మొదటి మూడు నాలుగు వాక్యాలలోనే ‘వాణ్ణి’, ‘దాన్ని’ పడేటట్టు చూసుకున్నాను. పైన పేరు ఉన్నా సరే, చాలామంది అధ్యాయాల పేర్లు చదవకుండానే ముందుకు వెళ్ళిపోతారు.

ఒకరినొకరు ఏమని ప్రస్తావించుకుంటారన్నది మరో ఆధారం. ఎదుటపడి మాట్లాడుకునేటప్పుడు మీరు నుంచి నువ్వుకు మారడం ప్రేమకథల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఇద్దరు కథకులున్నప్పుడు దానికి తోడు మరో మెట్ల వరస దొరుకుతుంది: ఆమె తన కథనంలో అతన్ని ‘ఆయన’ అంటూ మొదలుపెట్టి, ‘అతను’ దగ్గరకు వచ్చి, కోపం వచ్చిన అధ్యాయంలో ఒకే ఒక్కసారి ‘ఆ మనిషి’ అని, చివరకు ‘తను’ అంటుంది. అతను మొదటి నుంచి ‘ఆమె’ అనే అంటాడు. పైకి ఇంకా ‘మీరు’ అంటున్న రోజుల్లోనే ఆమె కథనంలో ‘అతను’ వచ్చేస్తుంది, అంటే లోపల జరిగిన మార్పు బయటి మాటకంటే రెండు అధ్యాయాలు ముందుంటుంది. ఇద్దరూ ఒకే అధ్యాయంలో ఒకే మెట్టు ఎక్కితే అది కవాతులా కనిపిస్తుంది కనుక, ఆ మార్పులను జాగ్రత్తగా ఎడంగా పెట్టాను.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం ‘ట’ అన్న ఒక్క అక్షరం. ఆమె తన అధ్యాయంలో ‘ఆ రాత్రి అతను నిద్రపోలేదు’ అని రాయడానికి వీల్లేదు. అది ఆమె చూడలేదు. ‘నిద్రపోలేదట’ అని రాయవచ్చు. ఎవరికి ఏది స్వయంగా తెలుసు, ఏది విని తెలుసు అన్న సరిహద్దును మన భాష ఇంత పొదుపుగా గీసి పెడుతుంది. ఆ సదుపాయాన్ని చూసి సంబరపడి మొదట విచ్చలవిడిగా వాడాను. తరువాత పొరపాటు కనిపించింది. ‘నిద్రపోలేదట’ అని ఆమె అందంటే, ఆ సంగతి ఆమెకు ఎవరో చెప్పి ఉండాలి. అతను ఒంటరిగా ఉండే మనిషి. కాబట్టి చెప్పింది అతనే అయి ఉండాలి. అంటే ఆ రాత్రి తరువాత ఎప్పుడో వారిద్దరూ తీరిగ్గా కూర్చుని ఆ రాత్రిని గురించి మాట్లాడుకున్నారన్నమాట. విడిపోయిన ఘట్టం నడుస్తుండగానే మళ్ళీ కలుసుకుంటారన్న కబురును ఆ ఒక్క అక్షరం మోసుకొచ్చి పాఠకుడి చేతిలో పెట్టేసింది. మూడుచోట్ల ఆ ‘ట’ను తీసేశాను. ఒక్కచోట మాత్రం ఉంచాను, దాని సంగతి చివర చెబుతాను.

దీని వెనక ఉన్న అసలు ప్రశ్న, కథకులు ఏ కాలంలో నిలబడి చెబుతున్నారన్నది. అంతా అయిపోయిన తరువాత వెనక్కి తిరిగి చూసి చెబుతున్నారా, జరుగుతుండగానే చెబుతున్నారా? ప్రేమ నవలలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే చెప్పేవారు ఎక్కడ, ఎవరి పక్కన ఉండి చెబుతున్నారో తెలిస్తే ముగింపు తెలిసిపోయినట్టే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1916లో పుస్తకంగా వచ్చిన ‘ఘరే బైరే’లో బిమల, నిఖిలేశ్, సందీప్ అనే ముగ్గురి చేత వంతులుగా చెప్పించాడు. భార్య, భర్త, వారి మధ్యకు వచ్చిన మనిషి. బిమల తల్లిని తలచుకుంటూ, జరిగిపోయినదానికి వగస్తున్న గొంతుతో మొదలుపెడుతుంది. ఆ మొదటి పేజీల్లోనే ఏదో పోగొట్టుకున్న మనిషి మాట్లాడుతోందని మనకు అర్థమవుతుంది. ఏం పోగొట్టుకుందో తెలుసుకోవడానికి చదువుతాం. ఇది తెలిసి చేసిన ఎంపిక. నాలాగా తెలియక జార్చుకున్నది కాదు. ఆడ్రీ నిఫెనెగర్ 2003 నాటి ‘ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్’లో క్లేర్, హెన్రీ అనే ఇద్దరూ వర్తమాన కాలంలోనే చెబుతారు. భర్త తన ప్రమేయం లేకుండా కాలంలో ముందుకూ వెనక్కూ జారిపోతుంటాడు కనుక, ప్రతి భాగం మీదా తేదీ, అప్పటికి ఇద్దరి వయసులూ వేయవలసివచ్చింది. ఒకే సంఘటనలో ఒకరికి గడిచిపోయినది మరొకరికి ఇంకా రావలసి ఉంటుంది. తెలియడంలోని తేడాను అంత నేరుగా కథావస్తువుగానే చేసుకున్న నవల మరొకటి నా దృష్టికి రాలేదు.

వర్తమాన కాలం నేనూ ప్రయత్నించాను. ‘నడుస్తున్నాను’, ‘చూస్తున్నాను’, ‘వింటున్నాను’ అని తెలుగులో నాలుగు పేజీలు వరసగా సాగితే చెవికి క్రికెట్ వ్యాఖ్యానంలా ఉంటుంది. అందుకని భూతకాలాన్నే ఉంచి, ప్రతి అధ్యాయాన్నీ ఆ సంఘటన జరిగిన రోజుకు కొద్ది దూరంలో, ఒక వారమో పది రోజులో గడిచాక చెబుతున్నట్టు రాశాను. తరువాత ఏం జరగబోతోందో కథకులకే తెలియదు. ఇది పైకి చెప్పలేదు. వాక్యాలు మాత్రం ఆ కట్టుబాటు దాటకుండా చూసుకున్నాను.

ఒకే సన్నివేశాన్ని ఇద్దరి చేతా చెప్పించవచ్చా అని అడిగేవారు చాలామంది ఉంటారు. రెండోసారి చెప్పినప్పుడు మొదటి కథనం తప్పని తేలాలి, లేదా అందులో పూర్తిగా వదిలేసిన ముక్క బయటపడాలి. అది లేకపోతే వద్దు. నా నవల మొత్తంలో మొదటి పరిచయం కాక, రెండుసార్లు చెప్పిన సన్నివేశం ఒక్క తగవు మాత్రమే. అందులోనూ అతను చెప్పేది ఒక్క పేరా. ఆమె పది పేజీలు చెప్పిన తగవులో అతనికి గుర్తున్నది ఆమె మెట్లు దిగిన చప్పుడు ఒక్కటే, పద్నాలుగు మెట్లకు పదమూడు అడుగులే వినిపించాయని. ఆ తగవులోనే భాష పెట్టిన మరో చిక్కు కూడా ఎదురైంది. ‘నేను వెళ్ళిపోతానని అతను అన్నాడు’ అని ఆమె రాస్తే, వెళ్ళిపోయేది ఎవరు? అతని మాటను ఉన్నదున్నట్టు చెబితే అతను. ఆమె తన మాటల్లోకి మార్చి చెబితే ఆమె. కథకురాలు ‘నేను’ అయినప్పుడు ఈ వాక్యం రెండు వైపులా ఊగుతుంది. మామూలుగా అయితే దిద్దేదాన్ని. ఆ ఒక్కచోట దిద్దకుండా వదిలేశాను. ఎందుకంటే ఆ రోజు ఎవరు ఎవర్ని వదిలి వెళ్ళారో వారికే తేలలేదు.

అధ్యాయాల లెక్క దగ్గరకు వస్తే, రెండో ప్రతిలో నేను త్రాసు పట్టుకుని కూర్చున్నాను. ఆమెకు ఇరవై ఒకటి, అతనికి ఇరవై ఒకటి. అలా సమానంగా పంచితే ఇద్దరికీ న్యాయం జరిగినట్టు ఉంటుంది గాని, ఆమె వంతు, అతని వంతు అని లయ స్థిరపడిపోయిన తరువాత పాఠకుడు వంతు మారడాన్ని గమనించడం మానేస్తాడు. పైగా, ప్రతి అధ్యాయాన్నీ ఉత్కంఠ దగ్గర తెంచి రెండోవారికి అప్పగించడం అలవాటైతే, మధ్యలో ఉన్న అధ్యాయం దారికి అడ్డం పెట్టిన బండలా తయారవుతుంది. నా స్నేహితురాలు ‘అతని అధ్యాయాలు గబగబా చదివేశాను’ అని అంది. కారణం వెతికితే, అతని అధ్యాయాలన్నీ ఆమె అధ్యాయాలకు జవాబులుగానే ఉన్నాయి. ఆమెను తలచుకోవడం తప్ప అతనికి మరో పని లేదు. తనకంటూ ఒక బతుకూ, ఆమెతో సంబంధం లేని ఒక భయమూ ఉన్నప్పుడే రెండో కథకుడికి తన అధ్యాయం మీద హక్కు వస్తుంది. చూపు సంగతి ముందుకు వచ్చిన తరువాత అతని అధ్యాయాలను ఎవరూ దాటేయలేదు.

సమానం అన్న పట్టుదల పోయాక చేతికి దొరికిన గొప్ప సాధనం మౌనం. మూడో ప్రతిలో తగవు తరువాత వరసగా మూడు అధ్యాయాలు ఆమే చెబుతుంది. మొదటిది అయ్యాక పాఠకుడు అతని వంతు కోసం పేజీ తిప్పుతాడు, మళ్ళీ ఆమె. ఇంకొకటి తిప్పుతాడు, మళ్ళీ ఆమె. అతను కనిపించడం లేదని ఆమె ఎక్కడా వాపోదు, ఉద్యోగం కాగితాలు సర్దుకుంటూ, పెట్టెలు కట్టుకుంటూ ఉంటుంది. అయినా అతను లేడన్న వెలితి చదివేవారికి తెలుస్తుంది, ఎందుకంటే వారికి కూడా అతను మాట్లాడటం లేదు. ఒకరే చెప్పే నవలలో ఈ పని చేయడానికి వీల్లేదు. అక్కడ అవతలి మనిషి ఎప్పుడూ మౌనమే కదా. గొంతు ఉన్నవాడు ఊరుకున్నప్పుడే ఊరుకున్నట్టు తెలుస్తుంది. నవలలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఆ మూడు అధ్యాయాలు. విచిత్రం ఏమిటంటే, అవి అతని భాగాలే అనిపిస్తాయి.

రాసే క్రమం గురించి ఎక్కువ చెప్పను. రెండో ప్రతిని చదివేవారు చదివే వరసలోనే రాశాను. గొంతులు కలిసిపోవడానికి అది ఒక కారణం. మూడోసారి ఆమె అధ్యాయాలన్నీ వరసగా నాలుగు నెలలు రాసి, పదిహేను రోజులు ఏమీ రాయకుండా ఉండి, అతనివి మొదలుపెట్టాను. అతుకులు వేసేటప్పుడు తేదీలు తప్పాయి, వాన పడవలసిన సాయంత్రం ఎండ కాసింది. అందుకోసం ఒక పట్టిక వేసుకున్నాను: ఈ అధ్యాయం ముగిసేసరికి ఆమెకు ఏం తెలుసు, అతనికి ఏం తెలుసు, చదివేవారికి ఏం తెలుసు. మూడో గడిలో కొత్తది ఏమీ చేరని అధ్యాయాలు ఆరు కనిపించాయి. ఆరూ తీసేశాను.

చివరి అధ్యాయం ఎవరు చెప్పాలన్నది మిగిలింది. అతనికి ఇచ్చి చూశాను, ఓదార్పులా ఉంది. ఇద్దరికీ సగం సగం ఇచ్చి చూశాను. నాటకంలో తెర దించే ముందు పాత్రలన్నీ వరసగా నిలబడ్డట్టు ఉంది. ఆ వారాలలోనే ఒక సంగతి గమనించాను. నవలంతా ఇద్దరూ తమ ఇద్దరినీ కలిపి చెప్పేటప్పుడు ‘మేము’ అంటూ వచ్చారు: ‘మేము వంతెన దాకా నడిచాం’, ‘మేము ఆ రోజు ఏమీ మాట్లాడుకోలేదు’. అది సరైనదే, వారు చెబుతున్నది మూడో మనిషికి, అంటే చదివేవారికి. వినే మనిషిని కలుపుకోని మాట ‘మేము’. కలుపుకునే మాట ‘మనం’. ఆమె తన కథనంలో ‘మనం’ అని రాసిందంటే, ఆమె ఇక పాఠకుడికి చెప్పడం మానేసి అతనికి చెబుతోందన్నమాట.

ఇప్పుడు చివరి అధ్యాయం ఆమెది. దూరదేశం వెళ్ళిన ఏడు నెలల తరువాత రాస్తోంది. చదివి వినిపించడానికి అతని దగ్గర మరొకరు ఉంటారని ఆమెకు తెలుసు, అందుకే మాటలు కొంచెం ఆచితూచి వాడుతుంది. మొదటి పేజీ అంతా మామూలుగానే సాగుతుంది, అతను ‘తను’గానే ఉంటాడు, నేను తీసేయకుండా ఉంచిన ఆ ఒక్క ‘ట’ అక్కడే వస్తుంది: ‘దుకాణం మూసేశాడట.’ రెండో పేజీ మొదటి వాక్యం ‘మనం వంతెన దాకా నడిచిన రోజు’ అని మొదలవుతుంది. అక్కడి నుంచి ‘తను’ లేడు, ‘నువ్వు’ ఉన్నాడు. అంతవరకు ఇద్దరి రహస్యాలూ తెలిసిన ఒకే ఒక్క మనిషిగా ఉంటూ వచ్చిన పాఠకుడు, ఆ వాక్యంతో, వేరెవరికో రాసిన ఉత్తరాన్ని భుజం మీదుగా తొంగి చూస్తున్నవాడవుతాడు. నా స్నేహితురాలు ఆ మార్పును గమనించలేదు. ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయానని, ఎందుకో తెలియదని మాత్రం చెప్పింది. ఎందుకో నేను చెప్పలేదు.